కెమెరాకు పెట్టిన బొట్టు

నేను పెట్టిన ఒక బొట్టు వల్ల నిక్షేపంగా తిరుగుతున్న బస్సు ఆగిపోబోయింది. బొట్టుకీ బస్సుకీ ఏం సంబంధం అని మీరు అడగొచ్చు. ఆ రోజు ఆఫీసులో అందరూ అడిగింది కూడా అదే. నిదానంగా చెప్తాను, నా పరువు ఎట్లాగూ పోయిందే కదా.

అప్పుడు నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. జనం చూడటానికి పోయే చోట్ల స్మార్ట్ టెక్నాలజీ ఎంతవరకు పనికొస్తోందో చూసి మార్కులు వేయడం నా పని. మార్కాపురంలో గది, మెడలో ఐడీ కార్డు, చేతిలో ట్యాబ్. మా ఊరు బేస్తవారిపేటలో ఎవరైనా "పాప ఏం చేస్తా ఉంది" అని అడిగితే, మా నాయన "దేవుళ్లకు మార్కులేస్తా ఉంది" అనేవాడు. నాకది పొగడ్తగానే వినిపించేది.

నాకు అప్పగించిన మొదటి చోటు గిద్దలూరు దాటాక అడవి అంచున ఉన్న ఓ కొండగుడి. మెట్ల దగ్గర మనిషెత్తు స్తంభం, దాని మీద ఒక పెట్టె, పెట్టె మధ్యలో గుండ్రటి కెమెరా అద్దం. వచ్చిన ప్రతి మనిషినీ అది లెక్కపెట్టి నా ట్యాబ్‌కు పంపాలి. శనివారాలు గిద్దలూరు నుంచి ప్రయోగంగా వేసిన బస్సును ఉంచాలా, తీసేయాలా అన్నది ఆ లెక్కను బట్టే తేలుస్తారు. ఆ బస్సు వచ్చాకే మెట్ల కింద మరియమ్మ పెద్దమ్మ మజ్జిగ కుండ పెట్టుకుంది. కూలికి పోయి పోయి నడుము చెడిన మనిషి. ఆ కుండే ఇప్పుడు ఆమెకు ఆధారం.

యంత్రం మొదలుపెట్టే రోజు ఇంజనీరు స్విచ్ వేశాడు. పూజారి కొబ్బరికాయ కొట్టి పళ్లెం నా వైపు చాపాడు.

"ఆడపిల్లవి, నీ చేత్తో బొట్టు పెట్టమ్మా. కొత్త బండి కొన్నా పెడతాం గదా."

బండికైతే ఎక్కడ పెట్టాలో అందరికీ తెలుసు. మరి దీనికి? తేరిపార చూశాను. ముఖానికి నడిమధ్యన, గుండ్రంగా, నున్నగా ఒకే ఒక్క చోటు కనిపించింది. ముందు తడి పసుపు మెత్తి, దాని మీద కుంకుమ అద్దాను. పెళ్లికూతురికి కూడా ఎవరూ అంత నిండుగా పెట్టి ఉండరు. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంజనీరు అప్పటికే తన కారు దగ్గరికి పోతున్నాడు.

తర్వాతి శనివారం ఎట్లా ఉందో చూద్దామని కొండకు పోయాను. తోపులాటలో నా చెప్పు ఒకటి పోయింది. మరియమ్మ పెద్దమ్మ దగ్గర వరసలో నిలబడి మజ్జిగ తాగాను. స్తంభానికి ఎవరో దండ కూడా వేశారు. వచ్చినవాళ్లు వచ్చినట్టు నా బొట్టు మీదే ఇంకో బొట్టు పెట్టి దండం పెట్టుకుంటున్నారు. చూసి ముచ్చటపడ్డాను. మార్కాపురం తిరిగొచ్చి ట్యాబ్ తెరిస్తే, వచ్చిన జనం సున్నా అని ఉంది.

మీరైతే ఏం చేసేవారో నాకు తెలియదు. నేను మాత్రం సున్నానే నమ్మాను. ఒంటి చెప్పు గుమ్మం దగ్గర కనిపిస్తూనే ఉంది, అయినా నమ్మాను. జనం ఎందుకు రావడం లేదో కారణాలు కూడా వెతికి రాశాను. ఎండలు, ప్రచారం చాలకపోవడం, కుర్రకారులో భక్తి తగ్గడం. రాసేకొద్దీ నాకే నిజమనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు కంటే ముందు భయం వేస్తుంది. కళ్లారా చూసినదాన్ని అంత సులువుగా ఎట్లా వదిలేశాను?

బస్సు తీసేస్తారన్న మాట కొండ దాకా పోయింది. బస్సు సంగతి తేల్చే మీటింగు రోజు మరియమ్మ పెద్దమ్మ మార్కాపురం ఆఫీసుకే వచ్చింది. మా పెద్దసారు ఆమెను కూర్చోబెట్టి, ఎవరూ రాని చోటికి బస్సు ఎట్లా నడపమంటావని మెత్తగా అడిగారు. ఆమె ఆయన్ని వదిలి నా వైపు తిరిగింది.

"పాపా, మొన్న శనివారం నా కాడ మజ్జిగ తాగినావు గదా. కనీసం నువ్వొక్కదానివన్నా లెక్కకు రాలేదా?"

సారు నన్ను చూశారు.

"ఆ రోజు వెళ్లావా?"

"వెళ్లాను సార్."

"జనం ఉన్నారా?"

"చెప్పు పోయింది సార్."

ఆయన వెంటనే కెమెరా రికార్డింగును గోడ మీది పెద్ద తెరపై పెట్టించారు. అంతా చీకటి. వెనక్కి, ఇంకా వెనక్కి జరిపితే, మొదటి రోజు దగ్గర వెలుగొచ్చింది. ఆ వెలుగులో గోడంత ముఖం, నాదే. ఎంతో భక్తిగా నవ్వుతూ దగ్గరికి వచ్చింది. పసుపు పూసిన వేలు గుమ్మడికాయంత అయింది. ఆ తర్వాత మళ్లీ చీకటి.

మరియమ్మ పెద్దమ్మ తెరను చూసింది, నన్ను చూసింది.

"దాని కంట్లో పొడిచినావా ఏంది పాపా," అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బస్సును ఉంచేశారు. నేనే తడిగుడ్డ పట్టుకుని కొండకు పోయి ఆ కన్ను తుడిచి వచ్చాను. అందుచేత ఆ కొండదేవుడి సాక్షిగా, మరియమ్మ పెద్దమ్మ నమ్ముకున్న ప్రభువు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ యంత్రానికి బొట్టు పెట్టాల్సి వచ్చినా వీపునే పెడతాను. చెప్పు పోయిన చోట జనం లేరని ఈ జన్మలో రాయను.