మా మేనత్త తెరిపించిన తలుపు

కోర్టులో మా మేనత్తను అందరూ 'తలుపుల మేడమ్' అంటారు. ఎదురుగా మాత్రం అనరు. అంటే ఊరుకునే మనిషి కాదు మరి.

మొదట ఆమె అక్కడే టైపిస్టు. తనపై దాడి చేసినవాడి మీద సాక్ష్యం చెప్పడానికి ఒకరోజు ఒక అమ్మాయి వచ్చి, ఎక్కడ కూర్చోవాలని అడిగింది. అత్త తలెత్తకుండానే వరండాలో బెంచీ చూపించింది. ఆ బెంచీకి రెండో చివర నిందితుడు, వాడి అన్నదమ్ములు కూర్చున్నారు. కేసు పిలిచేసరికి అమ్మాయి లేదు. మళ్లీ రానూ లేదు. కేసు కొట్టేశారు.

"ఆ పిల్లను తరిమింది వాళ్లు కాదు, నేను" అని అత్త ఇప్పటికీ అంటుంది.

మామయ్య నెత్తీ నోరూ కొట్టుకుంటున్నా వినకుండా ఉద్యోగం మానేసి, బాధితులకు తోడుండే సంస్థలో చేరింది. సాక్షులకు వేరే గది, వెనకనుంచి వేరే దారి కావాలని పదకొండేళ్లు చెప్పులరిగేలా తిరిగింది. గది ఉంది, నిండా పాత ఫైళ్లు. తలుపూ ఉంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. చివరికి ఫైళ్లు తానే మోసి, తాళం పగలగొట్టించి కొత్తది వేయించింది.

ఆ తలుపులోంచి మొదట వచ్చింది ఒక దర్జీ ఆవిడ. ఆమెను కొట్లోనే కత్తితో పొడిచినవాడు బెయిలు మీద బయట తిరుగుతున్నాడు. అంతకుముందు మూడు వాయిదాలకూ గేటు దాకా వచ్చి వెనక్కి పోయింది. ఈసారీ పోతే కేసు పోయినట్టే. అయినా అత్త తలుపు తీసే ఉంచింది, వెళ్లాలనిపిస్తే వెళ్లిపోవచ్చని చెప్పింది. చెప్పి, ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంది.

పిలుపు వచ్చింది. ఆవిడ లేచి హాల్లోకే నడిచింది. చేతిమీద మచ్చ చూపించింది, పొడిచినవాణ్ణీ చూపించింది. ఎదుటి లాయరు గంటసేపు తికమక పెట్టినా మాట మార్చలేదు.

అయ్యాక అత్త తాళంచెవితో వెనక తలుపు దగ్గర నిలబడితే, ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"ఆ తలుపే లేకపోతే లోపలికి రాలేకపోయేదాన్ని మేడమ్. ఇప్పుడు ముందునుంచే వెళ్తాను."

నిందితుడి మనుషులు నిలబడ్డ వరండాలోంచే వెళ్లింది. పదకొండేళ్లు పోరాడి తెరిపించిన తలుపును ఒక్క పూటలో కాదంటే ఎవరికైనా ఒళ్లు మండాలి. అత్త మాత్రం ఆవిణ్ణి గేటు దాటించి వచ్చి, ఇన్నేళ్లూ తాను ఒక్కసారైనా కూర్చోని ఆ వరండా బెంచీ మీద కూలబడి, చెప్పులు విప్పి, హమ్మయ్య అంది.