వంగిన పొరలను సమంగా గీశాను

పదకొండేళ్లుగా ఒక మాట నా గొంతులోనే ఉండిపోయింది. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

సూరత్‌కు గంట దూరంలో ఒక బంకమట్టి గనిలో నేను జియాలజిస్టుని. తవ్విన గోడలో పొరలు ఎటు వాలాయో కొలిచి పటం గీయడం నా పని. ఆ గోడ కింద, లోతులో, ఒక భ్రంశం ఉందని బోర్లు వేసినప్పుడే తెలిసింది. నేల సాగి చీలిన చోట ఒక పక్క కిందికి దిగిపోతుంది. ఆ చీలిక పైదాకా రాకపోతే పైనున్న పొరలు తెగవు, దిగిన పక్కకు వంగుతాయి. ఇక్కడ దిగిన పక్క గని ఉన్న వైపే. ఇదంతా నేను చదువుకున్నదే. అయినా పొరలు గనిలోకి ఏటవాలుగా దిగుతున్నట్టు కొలత వస్తే నమ్మలేదు. గోడ చెదిరి ఉంది, కొలత తప్పయి ఉంటుంది అనుకున్నాను. నిజంగా అనుకున్నానా? లేక సాయంత్రంలోగా పటం ఇవ్వాలి కాబట్టి అలా అనుకోవడమే తేలికైందా? ఎన్నిసార్లు అడుక్కున్నా ఒక్కోసారి ఒక్కో జవాబు వస్తుంది. పటంలో మాత్రం పొరల్ని సమంగా గీశాను.

గనిలో నీళ్లు తోడే మోటారు చూసేది మల్లేశం. సిరిసిల్ల వైపు మనిషి, అంతకుముందు సూరత్‌లోనే పాండేసరలో బట్టలకు రంగులద్దే మిల్లులో చేసేవాడు. తెలుగువాడినని నాతో చనువుగా ఉండేవాడు. మర్నాడు పొద్దున నన్ను ఆ గోడ దగ్గరికి పిలిచాడు.

"సార్, గీడ పొరలు మన దిక్కే వంగినట్టు కనవడ్తున్నయ్. సందులల్ల నీళ్లు గూడ ఊరుతున్నయ్. మోటర్ గీ గోడ కింద వెట్టొచ్చా?"

"కొలిచాను మల్లేశం. ఏం కాదు, పెట్టుకో."

"మీరు సూసిండ్రు గద, ఇగ ఫికర్ లేదు సార్."

మూడో రోజు గోడ జారింది. తడిసిన బంకమట్టి మీదుగా పైదంతా ఒక్క పలకలా వచ్చేసింది. మల్లేశం ప్రాణం దక్కింది. కుడికాలు దక్కలేదు.

విచారణ నాటికి అతనింకా ఆస్పత్రిలోనే ఉన్నాడు. సార్‌ను అడిగే మోటారు పెట్టానని కాగితం రాయించి పంపాడు. అది చదివి, అడిగాడా అని నన్ను అడిగారు. అప్పుడు నా తలలో ఏముందో ఇప్పటికీ తెలియదు. ఉద్యోగమా? భయమా? అసలేమీ లేదేమో. "నన్ను అడగలేదు" అన్నాను. తప్పు అతనిదేనని రాసి పనిలోంచి తీసేశారు.

కొన్ని నెలల తర్వాత, చెప్పేద్దామనే, సూరత్ శివార్లలో కోసాడ్‌లో ఉన్న అతని ఇంటికి వెళ్లాను. కుర్చీలోంచి లేవబోయాడు. భార్య చేత చాయ్ పెట్టించాడు. నేను చెప్పేలోగా తనే అన్నాడు.

"మీకు యాదికి లేకుండొచ్చు సార్. రోజూ ఎంతమందితోనో మాట్లాడ్తరు."

నన్ను క్షమించాడా, నమ్మాడా, లేక తప్పుకోవడానికి దారి ఇచ్చి చూశాడా? నాకు అర్థం కాలేదు. చాయ్ తాగి వచ్చేశాను. మళ్లీ వెళ్లలేదు.

నాకు గుర్తుంది. అతను అడిగాడు. నేను పెట్టుకోమన్నాను.