కుర్చీలక్క ఇల్లు ఆరిన సంగతి

ఆ వీధిలో కొత్తగా అద్దెకు దిగినవాళ్ళకు కుర్చీలక్కకు చూపు లేదన్న సంగతి చాలా రోజులదాకా తెలిసేది కాదు. తెలిశాక ముక్కున వేలేసుకునేవారు. ఆమె వసారాలో కూర్చుని పేము కుర్చీలు అల్లేది. అల్లిక తెగిపోయి నడిమధ్య గొయ్యిపడ్డ కుర్చీని ఎవరైనా తెచ్చి దించితే, వేళ్ళతో ఒకసారి తడిమి, "ఎవరు కూలబడ్డారమ్మా ఇందులో, మీ మామగారేనా?" అని అడిగేది. తెచ్చినవాళ్ళు నవ్వలేక నవ్వేవారు. పని మాత్రం మళ్ళీ వేలు పెట్టి చూసుకోనక్కర్లేకుండా చేసి ఇచ్చేది.

చిన్నప్పుడు జ్వరం వచ్చి చూపు పోయింది. ఆనాటినుంచీ వాళ్ళమ్మ ఆ ఇంట్లో చెంబును కూడా చోటు మార్చలేదు. ముందు గదికి చెక్క నేల. గుమ్మం పక్కనున్న పలక కిర్రుమంటుంది, మంచం దగ్గరది కాస్త లోపలికి దిగుతుంది, వంటింటి వైపు పలకలు బోలుగా మోగుతాయి. వంటింట్లో ఫ్రిజ్ మూలుగు, స్నానాలగదిలో కుళాయి చుక్క, వెనక కిటికీలోంచి వచ్చే గాలి, వీటన్నిటినీ పట్టుకుని ఆమె ఇల్లంతా తిరిగేది. చేతికర్ర వీధిలోకే తప్ప ఇంట్లోకి ఎప్పుడూ రాలేదు.

అమ్మ పోయాక తమ్ముడు తనింటికి వచ్చేయమన్నాడు. తమ్ముడు మంచివాడు, అదే తంటా. చెడ్డవాడైతే నాలుగు దులిపేసి ఊరుకునేది. అతను కళ్ళనీళ్ళు పెట్టుకుని అడుగుతాడు. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. ఆమె ఒక్కతే ఆ ఇంట్లో ఉండొచ్చు. ఏదైనా జరగరానిది జరిగిందంటే మాత్రం మారు మాట్లాడకుండా తమ్ముడింటికి వెళ్ళిపోవాలి. జరగరానిది అంటే ఏమిటో ఇద్దరూ తేల్చుకోలేదు. నిప్పు గురించీ, దొంగల గురించీ తమ్ముడు భయపడ్డాడు. నీళ్ళ సంగతి ఎవరికీ తట్టలేదు.

మరదలికి ఒంట్లో బాగాలేకపోతే చూడ్డానికి వెళ్ళి, కొన్నాళ్ళుండి, కుర్చీలక్క ఇంటికి తిరిగొచ్చింది. తాళం తీసి లోపల అడుగు పెట్టగానే పాదం చీలమండదాకా నీళ్ళలో పడింది. ఎక్కడో గోడలోంచి బుస కొడుతున్నట్టు చప్పుడు. చెప్పులు కూడా విప్పకుండా గోడ పట్టుకుని పెరట్లోకి వెళ్ళి, పెద్ద కుళాయి తిప్పి నీళ్ళు కట్టేసింది. ఆ తర్వాత వచ్చి గుమ్మంలో చతికిలబడింది. స్నానాలగది గోడలో పైపు పగిలి, ఆమె లేనన్నాళ్ళూ నీళ్ళు ఇంట్లోకి పారుతూనే ఉన్నాయి.

పక్కింటి టీచరమ్మ వచ్చి చూసి, "అయ్యో అయ్యో" అనుకుంటూ ముందుగా అడిగిన మాట, "మీ తమ్ముడికి ఫోన్ చెయ్యనా అక్కా?" అని.

"చేశావంటే నీకూ నాకూ మాటల్లేవు."

"మరి ఇదంతా ఎవరు ఎత్తిపోస్తారు?"

"డబ్బు తీసుకుని ఎత్తిపోసేవాళ్ళు ఉంటారుగా. వాళ్ళకి చెయ్యి."

టీచరమ్మ తన ఫోన్‌లో వెతికి, నీళ్ళలో మునిగిన ఇళ్ళను ఆరబెట్టే కంపెనీ ఒకటి పట్టుకుంది. సాయంత్రానికల్లా వ్యాను వచ్చింది. వచ్చినవాళ్ళలో సూపర్‌వైజరు లావుపాటి మనిషి. అడుగు పడితే చెక్క నేల మొత్తుకుంటుంది గానీ గొంతు మాత్రం మెత్తన. వాళ్ళు పగిలిన పైపు బాగుచేశారు, పెద్ద గొట్టాలతో నీళ్ళు లాగేశారు, తడిసిన పరుపునూ బట్టలనూ వసారాలోకి చేర్చారు, గోడల అడుగున చిన్న చిన్న రంధ్రాలు వేశారు. సూపర్‌వైజరు రెండు సూదులున్న మీటరును గోడకు గుచ్చి చూశాడు.

"గోడలు బాగా తాగేశాయమ్మా. బ్లోయర్లు పెడతాం, తేమ లాగే మిషను పెడతాం. రాత్రీ పగలూ ఆగకుండా తిరగాలి. కిటికీలు తెరవకూడదు. వాసనేసినా సరే."

"తెరవనులే నాయనా."

"చప్పుడు ఎక్కువగా ఉంటుంది. ఆరేదాకా ఎక్కడైనా బంధువులింట్లో ఉండగలరా?"

"ఉండలేను," అంది కుర్చీలక్క. ఎందుకని అతను అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో ఆమె కూడా ఆలోచించుకోలేదు.

మిషన్లు మొదలయ్యాయి. వాళ్ళు వెళ్ళిపోయారు. ఆమె గది మధ్యలో నిలబడి ఉంది. ఇల్లంతా పిండిమర అయిపోయింది. ఫ్రిజ్ వినిపించలేదు, కుళాయి చుక్క వినిపించలేదు, కాలికింద పలక ఏం పలికిందో తెలియలేదు. గాలి ఒక పక్కనుంచి కాక అన్ని వైపులనుంచీ మొహాన కొట్టింది. ఒకడుగు వేసింది. ఎటు వేసిందో తెలియలేదు. చేతులు చాపితే గాలి తప్ప ఏమీ తగల్లేదు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఉన్న ఇంట్లో ఆమె దారి తప్పింది. చూపు పోయిననాడు ఏడ్చిందో లేదో ఆమెకు గుర్తు లేదు. ఆ సాయంత్రం మాత్రం నేలమీద కూర్చుని ఏడ్చింది.

ఇక లాభం లేదని తడుముకుంటూ వైరు పట్టుకుని, దాని వెంటే పాకి, స్విచ్చి కట్టేసింది. ఒక్కసారిగా ఇల్లు తిరిగొచ్చింది. లేచి, చక్కగా వంటింట్లోకి నడిచివెళ్ళి, మంచినీళ్ళు తాగి, మంచం దగ్గరికి వచ్చి, అప్పుడు మళ్ళీ స్విచ్చి వేసింది.

అలా అలవాటైంది. లేవాలంటే కట్టెయ్యడం, కూర్చున్నాక వెయ్యడం. వండుకునేటప్పుడు కాస్సేపే కదా అనుకుంది. తర్వాత ఒక కుర్చీ పని పట్టుకుని, వసారాకీ గదికీ తిరగాలి కదా అని అలాగే వదిలేసింది. పోనుపోను మిషన్లు ఆగి ఉండే వేళే ఎక్కువైంది. పొద్దున్నే సూపర్‌వైజరు వ్యాను వీధి మొదట్లో మలుపు తిరిగిన చప్పుడు ఆమె చెవికి తెలుసు. ఆ చప్పుడు విని లేచి, స్విచ్చులన్నీ వేసి, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చునేది. ఒకనాడు తమ్ముడు ఫోన్ చేసి, "ఆ రొదేంటక్కా?" అంటే, మిక్సీ అని చెప్పింది. అంత పెద్ద మిక్సీ ఎప్పుడు కొన్నావని అతను నవ్వాడు.

గోడలు మాత్రం ఆరలేదు. సూపర్‌వైజరు మీటరు గుచ్చి చూసి తల గోక్కునేవాడు. మీటరు మార్చాడు. ఇంకో బ్లోయరు తెచ్చాడు. చివరికి ఒకరోజు స్నానాలగది గోడను వేళ్ళతో తట్టుకుంటూ, "లోపల ఇంకెక్కడో కారుతోందమ్మా. ఈ గోడ పగలగొట్టి చూడాల్సిందే," అన్నాడు.

సుత్తి చప్పుడు వినేదాకా ఆగలేకపోయింది కుర్చీలక్క.

"ఆగు నాయనా. పైపు తప్పేం లేదు. మిషన్లు నేనే కట్టేస్తున్నాను."

అతను కసురుకోలేదు. కసురుకుని ఉంటే బాగుండుననిపించింది ఆమెకు. అతను మోకాళ్ళమీద కూర్చుని గుమ్మం పక్క పలకను లేపిన చప్పుడైంది.

"చెప్పి ఉంటే ఏదో ఒకటి చూసేవాళ్ళం కదమ్మా," అన్నాడు. "కింద బూజు పట్టేసింది. చెక్క ఉబ్బిపోయింది. అప్పుడే ఆరి ఉంటే నేల దక్కేది. ఇప్పుడు మొత్తం తీసేసి సిమెంటు పొయ్యాలి."

నీళ్ళు వదిలిపెట్టిన నేలను తన చేతులతో తనే పోగొట్టుకుంది. ఏ చప్పుళ్ళ కోసం మిషన్లు ఆపిందో ఆ చప్పుళ్ళే పోయాయి. ఎవరినైనా తిట్టుకుందామంటే తను తప్ప ఎవరూ లేరు.

తమ్ముడికి ఆమే ఫోన్ చేసింది. వచ్చి, ఇల్లు చూసి, ఆమె మోకాలి కింద బ్లోయర్లకు కొట్టుకుని కమిలిన మచ్చలు చూసి, అతను గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు.

"ఇంత జరిగితే నాకు చెప్పవా అక్కా? నేను పరాయివాణ్ణా?"

"పరాయివాడివైతే మొదటిరోజే చెప్పేదాన్నిరా."

ఆ మాటకు అతను నొచ్చుకున్నాడు. ఆమెకూ తెలిసింది. అయినా వెనక్కి తీసుకోలేదు.

"ఇల్లు ఆరేదాకా మీ ఇంట్లో ఉంటాను," అంది. "ఆరేదాకానే."

తమ్ముడు ఆమె బట్టలు చలికాలానివి కూడా కలిపి సర్దాడు. పెట్టె బరువుతోనే ఆ సంగతి ఆమెకు అర్థమైంది.

తమ్ముడింట్లో ఆమెను కాలు కింద పెట్టనివ్వలేదు. లేచి నిలబడితే చాలు, "ఏం కావాలి వదినా?" అని మరదలు వచ్చి చెయ్యి పట్టుకునేది. అన్నం కలిపి పళ్ళెం చేతికి అందించేవారు. పేము కట్ట తెచ్చుకుంటానంటే, ఇప్పుడు ఆ కష్టం ఎందుకన్నారు. ఒక్క మాట కూడా కటువుగా అనలేదు ఎవరూ. ఒక పొద్దున ఆమె ఖాళీ గ్లాసు ముందుకు చాపి, ఎవరో ఒకరు నీళ్ళు పోస్తారని ఊరికే కూర్చుంది. చాపిన చెయ్యి అలాగే ఉందని కాసేపటికి గానీ గమనించుకోలేదు. అప్పుడు వేసింది భయం. ఇల్లు మునిగిననాడు కూడా అంత భయం వెయ్యలేదు. గ్లాసు దించి, సూపర్‌వైజరుకు ఫోన్ కలపమని మరదల్ని అడిగింది.

కొత్త నేల గట్టిపడ్డాక సూపర్‌వైజరే తాళం తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "మీటరు పెట్టి అన్నిచోట్లా చూశానమ్మా. చుక్క తేమ లేదు. సామాను టీచరమ్మగారు చెప్పినట్టు పెట్టించాను. తేడా ఉంటే ఏమనుకోకండి," అని వెళ్ళిపోయాడు. తమ్ముడు ఆమె వెంటే లోపలికి వచ్చాడు. చేతిలో ఆమె పెట్టె ఉంది, కింద పెట్టలేదు.

కుర్చీలక్క చెప్పులు విప్పి లోపల అడుగు పెట్టింది. నేల చల్లగా, నున్నగా ఉంది. ఏమీ పలకలేదు. ఇంకో అడుగు వేసింది. అక్కడా అదే. గుమ్మమో మంచమో వంటిల్లో, అంతా ఒకే రకంగా ఉంది. ఫ్రిజ్ మూలుగు కూడా ఖాళీ గోడలకు తగిలి ఎటునుంచి వస్తోందో తేలకుండా ఉంది. చెయ్యి చాపి నడిచి, మంచం కోడుకు కాలు కొట్టుకుంది.

"ఇంకా ఎందుకక్కా ఈ పట్టుదల?" అన్నాడు తమ్ముడు. "నీకు భయం వెయ్యడం లేదా?"

"వేస్తోందిరా," అంది. "చాలా వేస్తోంది."

ఆమె ఎడమ చెయ్యి గోడమీద వేసి వంటింటి వైపు కదిలింది. నాలుగడుగులు వేసిందో లేదో, ముందు ఏదో నేలనుంచి లేచిన చప్పుడు వినిపించింది.

ఆగిపోయింది. "ఏం ఎత్తావు?"

"స్టూలు. నీ దారికి అడ్డంగా ఉంది. కాలికి తగులుతుందని..."

"దించు."

"అక్కా..."

"ఎక్కడుందో అక్కడే దించు తమ్ముడూ. రేపు నువ్వుండవు. అదుంటుంది."

అతను చాలాసేపు దించలేదు. దించాక ఆమె నడిచింది. స్టూలు అంచు సరిగ్గా పాత మచ్చమీదే తగిలింది. పళ్ళు బిగపట్టి, వంగి, దాన్ని రెండు చేతులతో చుట్టూ తడిమి చూసింది. అక్కడినుంచి చెయ్యి చాచి గోడనూ, గోడ వెంట వంటింటి గుమ్మాన్నీ అందుకుంది.

"సరే, ఇక్కడుందన్నమాట," అంది. "ఆ పెట్టె కింద పెట్టి వెళ్ళిరారా. తలుపు దగ్గరికి లాగు."

పెట్టె నేలమీద ఆనింది. తలుపు మూతపడింది. అతని అడుగులు మెట్టుమీదే ఆగిపోయాయని, అక్కడే నిలబడి ఏడుస్తున్నాడని ఆమెకు వినిపిస్తూనే ఉంది. లోపలికి పిలవలేదు. గోడమీద చెయ్యి వేసి గుమ్మం దగ్గరికి వెనక్కి వచ్చి, మళ్ళీ మొదటినుంచీ నడవడం మొదలుపెట్టింది.