బ్యాంకులో పెట్టిన నిప్పు

మా చిన్నాడి తడి నిక్కరులోంచి ఆవిరి లేవడం చూసిన క్షణంలో ఆ రోజుకి మొదటిసారి నాకు గుండె జారింది. నవంబరు చివర్లో ఒక ఆదివారం, ఉదయం తొమ్మిది దాటింది. సిద్ధగోరాలో మా ఇంటి వెనక పెరట్లో దండెమంతా స్కూలు యూనిఫారాలతో నిండిపోయింది. చోటు చాలక ఆ ఒక్క నిక్కర్ని మాత్రం మా ఆయన ముచ్చటపడి కొన్న సిరామిక్ బొగ్గుల గ్రిల్ మూత మీద పరిచి వంటింట్లోకి వెళ్ళాను. పప్పు తాలింపు వేసి వచ్చేసరికి నిక్కరు పొగలు కక్కుతోంది. ఎండ ఇంకా పెరట్లోకి దిగలేదు. గ్రిల్‌ని వెలిగించింది ముందురోజు సాయంత్రం. అది రాత్రే చల్లారిపోయి ఉండాలి కదా అనుకుంటూ రెండడుగులు వేశానో లేదో, మా పెద్దది స్టూలు ఈడ్చుకొస్తున్న చప్పుడూ, వెనకే గుడ్డు వేడెక్కిందని అక్కని పిలుస్తూ చిన్నాడి హిందీ కేకా వినిపించాయి. "దీదీ, జల్దీ ఆ! అండా గరమ్ హో గయా!"

ఆ రోజుల్లో భయపడటం నాకు జీతం లేని ఉద్యోగం. మూడేళ్ళ కిందటి మాట ఇది. పెద్దదానికి ఏడు, చిన్నాడికి నాలుగు. ద్రాక్షపండుని నాలుగు ముక్కలు చేయకుండా వాళ్ళ నోట్లో పెట్టినదాన్ని కాను. కరెంటు ప్లగ్గులన్నిటికీ టేపు అంటించి, ఫోను చార్జింగు పెట్టుకోవాల్సి వచ్చినప్పుడల్లా నా టేపు నేనే పీక్కునేదాన్ని. వాళ్ళు తుమ్మితే ఇంటర్నెట్లో వెతికేదాన్ని, తుమ్మకపోయినా వెతికేదాన్ని. పైగా బీఎస్సీలో నేను చదివింది రసాయన శాస్త్రం. గాలి, నిప్పు, బొగ్గు, వీటి సంబంధం గురించి పరీక్షలో నాలుగు పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్నే. (ఆ నాలుగు పేజీలూ ఆ ఉదయం ఎక్కడికి పోయాయో ఇప్పటికీ తెలియదు.)

ఆ గ్రిల్ మా ఇంటికి వచ్చిన కథ ముందు చెప్పాలి. మా ఆయన కంపెనీలోనే పనిచేస్తారు. ఈ ఉక్కు ఊళ్ళో కంపెనీ అంటే ఏ కంపెనీ అని ఎవరూ అడగరు. అయితే ఆయనది కంప్యూటర్ల విభాగం, ఎండాకాలంలో కూడా స్వెట్టరు వేసుకు కూర్చునే గది. అలాంటి మనిషికి ఎవరో స్నేహితుడి ఇంట్లో ఈ వస్తువు కనబడింది. మందమైన పింగాణీ గోడలు, ఆకుపచ్చ రంగు, నిలబెట్టిన గుడ్డు ఆకారం. లోపల బొగ్గు, కింద గాలి రావడానికి ఒక కంత, పైన పొగ పోవడానికి ఒక కంత. అంతే, ఈయనకి నిద్ర పట్టలేదు. అలాంటి గ్రిల్ ఉన్నవాళ్ళంతా కలిసి మాట్లాడుకునే గుంపు ఒకటి ఫోనులో ఉందిట, అందులో చేరారు. చేరి అందరినీ ఒకటే ప్రశ్న వేశారు. మళ్ళీ కొనాల్సి వస్తే ఇదే కొంటారా? కొంటామని ఒక్కరు తప్పకుండా అందరూ చెప్పారుట. "చూశావా, ఒక్కడు కూడా కాదనలేదు" అని నాకు చూపించారు. తరవాత గ్రిల్ మా గుమ్మం ముందు దిగి, నలుగురు మనుషులు మూలుగుతూ దాన్ని పెరట్లోకి చేర్చాక గానీ ఆ రహస్యం నాకు బోధపడలేదు. అంత బరువున్న దాన్ని కొని, తప్పు చేశానని ఒప్పుకుంటే, వెనక్కి మోసేదెవరు?

గ్రిల్ వస్తోంది అనగానే మా అత్తయ్య సంబరపడింది. "మంచి పని సేసేవురా, వంటింటి కిటికీకి ఎన్నాళ్ళనుంచో సెప్తన్నాను, కోతులు వచ్చేత్తన్నాయి" అంది. వచ్చిన గుడ్డుని చూసి, కిటికీని చూసి, మళ్ళీ గుడ్డుని చూసింది. చివరికి, "ఇది కోతుల్నేటి ఆపుద్ది, ఇందులో కాపరం పెట్టీగలవు" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆ వస్తువుని చూసి నిజంగా మురిసిపోయింది మాత్రం మావయ్యగారు. ఆయన ఇనుపరాయిని కరిగించే పెద్ద కొలిమి దగ్గర, బ్లాస్ట్ ఫర్నేస్‌లో, నలభై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. రిటైరయ్యాక రోజూ సాయంత్రం డాబా ఎక్కి, కొలిమివైపు ఆకాశం ఎర్రబడే వేళ చూసి, "ఇప్పుడు లోహం వదిలేరు" అని తనలో తాను అనుకుని దిగివచ్చేవారు. అంతకు మించి ఇంట్లో ఆయనకు పని లేదు. అలాంటాయన గ్రిల్ చుట్టూ మూడుసార్లు తిరిగి, కింది కంతలో వేలు పెట్టి, పై మూత తట్టి చూసి, "ఒరే, ఇది మన ఫర్నేసేరా! పిల్ల ఫర్నేసు" అన్నారు. మర్నాటినుంచి ఆయన నడకే మారిపోయింది. బొగ్గు సాక్చీ బజారులో ఏ కొట్లో బాగుంటుందో ఆయనే వాకబు చేశారు. ఏ ముక్క పైన, ఏ ముక్క కింద అన్నది ఆయనే పేర్చేవారు. కొడుకు పట్టకారు పట్టుకుంటే, "నువ్వు ఏసీలోకి పోరా నాయనా" అనేవారు. ఇతర ఊళ్ళ యజమానులు అందులో ఏమేమి కాల్చుకునేవారో గానీ, మా ఇంట్లో పచ్చడికి వంకాయలు, పిల్లలకి చిలగడదుంపలు, పెద్దవాళ్ళకి లిట్టీలు, అంటే ఈ వైపువాళ్ళు సత్తుపిండి కూరి చేసే గోధుమ ఉండలు, కాలేవి. మనవడు, "తాతా, యే క్యా హై?" అని అడిగితే, "డైనోసారు గుడ్డురా. బాగా కాగితే పిల్ల బైటికొత్తాది" అన్నారు. అన్నాక మరిచిపోయారు. వాడు మరిచిపోలేదు. రోజూ పొద్దున్నే నిద్రలేచి వెళ్ళి, మూతమీద చెయ్యి వేసి చూసి, "ఠండా హై" అని, ఇంకా చల్లగానే ఉందని దిగులుపడుతూ వచ్చి పాలు తాగేవాడు.

ఇక ముందురోజు సాయంత్రం సంగతి. ఆదివారం మధ్యాహ్నం ఎదురింటి మాస్టారిని భోజనానికి పిలిచాం. స్కూల్లో లెక్కలు చెప్తారు, కాకినాడ వైపు మనిషి. తను కూడా అలాంటి గ్రిల్ కొందామనుకుంటున్నారు. కొనేముందు మావాళ్ళనడిగి తేల్చుకోవాలని ఆయన ఉద్దేశం. శనివారం రాత్రి భోజనాలప్పుడు మావయ్యగారు పెరట్లోంచి చేతులు కడుక్కుని వచ్చి, ఎంతో తృప్తిగా, "బ్యాంక్ చేసీసేనమ్మా. రేపటికి ఇంక బెంగ నేదు" అన్నారు. నవంబరు నెల కదా, పెన్షనువాళ్ళంతా బతికే ఉన్నామని బ్యాంకులో కాగితం ఇచ్చే నెల. నేను మజ్జిగ పోస్తూ, "మంచిపని చేశారు మావయ్యా, చివరి రోజుదాకా ఆగితే క్యూ ఎక్కువ" అన్నాను. ఆయన నావైపు కొంచెం వింతగా చూశారు. "క్యూ ఏటమ్మా?" అని అడగబోయారేమో కూడా. ఇంతలో చిన్నాడు మజ్జిగ ఒలకబోశాడు. ఆ మాట అక్కడే పోయింది.

అలా పోయిన మాటే పొద్దున్న నిక్కరు మీద ఆవిరై లేచింది.

నేను పరిగెత్తేసరికి పెద్దది స్టూలు మీద నిలబడి రెండు చేతులతో మూత పిడి పట్టుకుంది. చిన్నాడు దాని గౌను పట్టుకుని, మునివేళ్ళమీద నిలబడి, మూత సందుకి ముఖం ఆనించేంత దగ్గరగా పెట్టాడు, పిల్ల డైనోసారు ముందు తననే చూడాలని. ఏం కేక వేశానో నాకు గుర్తులేదు. (మాస్టారింట్లో కుక్క మొరగడం గుర్తుంది.) ఇద్దర్నీ చెరో చంకలో ఇరికించుకుని జామచెట్టు దాకా వెనక్కి నడిచి అక్కడ కూలబడ్డాను. ఆ కేకకి మా ఆయన సగం గడ్డం గీసుకుని, మెడలో తువ్వాలుతో వచ్చారు.

"ఏమైంది?"

"అది వేడిగా ఉంది. దాని జోలికి వెళ్ళకండి."

"నీకన్నిట్లోనూ వేడే కనబడుతుంది. నిన్న రాత్రే మూసేశాం కదా, గాలి లేక ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది" అంటూ నా అజ్ఞానానికి నవ్వుతూ గ్రిల్ దగ్గరికి నడిచారు.

సరిగ్గా అప్పుడే వంటింటి గుమ్మంలోంచి మావయ్యగారు, చేతిలో టీ గ్లాసుతో, "ఒరే, తియ్యకురా! బ్యాంకులో ఉంది, బ్యాంకులో ఉంది!" అని అరిచారు.

మా ఆయన పిడిమీద చెయ్యి వేసి, తండ్రివైపు తల తిప్పి, "బ్యాంకులో ఏముంది నాన్నా?" అని అడుగుతూ మూత ఎత్తారు.

ఒక్క 'భగ్గు'. అంతే. తిరిగిన తల తిరిగినట్టే ఉండబట్టి కళ్ళు దక్కాయి. పసుపుపచ్చటి మంట గుండ్రంగా లేచి, ఆయన చెవి పక్కనుంచి పైకి పోయి, మాయమైపోయింది. మూత దానంతటదే దబ్బున పడింది. ఆయన మాత్రం అలాగే నిలబడి ఉన్నారు. ఒక కనుబొమ్మ పూర్తిగా లేదు, రెండోది సగం ఉంది. మీసం ఒకవైపు కంపు కొడుతోంది. గడ్డం గీయని వైపు కాస్తా మంటే గీసిపెట్టింది. చర్మం ఎర్రబడింది గానీ బొబ్బలు లేవు. అత్తయ్య పరుగున వచ్చి, కొళాయి కింద ఆయన తల వంచి నీళ్ళు వదులుతూ మొగుడివైపు తిరిగి, "నలభై ఏళ్ళు అక్కడ కాల్చేవు, సాల్లేదేటి? ఇంటికొచ్చి కన్నకొడుకుని కాలుత్తన్నావా?" అంది.

మావయ్యగారు అప్పుడు చెప్పారు. కొలిమిని ఆర్పడం అంటూ ఉండదట. ఆరితే లోపలున్నదంతా గడ్డకట్టి కొలిమే చచ్చిపోతుందట. అందుకని పని కొన్నాళ్ళు ఆపాలంటే నిండా బొగ్గు పోసి, గాలి కంతలకి మట్టి మెత్తి, నిప్పుని నిద్రపుచ్చి ఉంచుతారట. దాన్నే బ్యాంక్ చేయడం అంటారట. అలా మూసినదాన్ని ఒక్కసారిగా తెరిస్తే, లోపల మగ్గిన పొగకి గాలి తగిలి భగ్గుమంటుందట. మామూలు రోజుల్లో కొంచెమే వేసిన బొగ్గు రాత్రికి దానంతటదే బూడిదయ్యేది గానీ, ఆయనకి ఆర్పడం చేతకాలేదు. నలభై ఏళ్ళలో ఎప్పుడూ ఆర్పలేదు మరి. అందుకని శనివారం రాత్రి గ్రిల్ నిండా బొగ్గు నింపి, కంతలకి తడిమట్టి మెత్తి, అగ్గిపుల్ల పట్టేంత సందు వదిలి, మాకు చెప్పి మరీ పడుకున్నారు. నిజమే, చెప్పారు. విన్నాను కూడా. తెలియని మాట అయితే ఏమిటని అడిగేదాన్నే. తెలిసిన మాట కావడంతో అడగలేదు.

మధ్యాహ్నం చర్చిలో ప్రార్థన ముగించుకుని మాస్టారు వచ్చారు. మా ఆయన ముఖాన కలబంద గుజ్జు రాసుకుని, అతిథి కదా అని నవ్వుతూ కూర్చున్నారు. కనుబొమ్మలు లేకపోతే మనిషి ఏ మాట వేళాకోళంగా అంటున్నాడో, ఏది నిజంగా అంటున్నాడో తెలియదని ఆ రోజే నాకు తెలిసింది. మాస్టారు కాసేపు అటూ ఇటూ చూసి, మర్యాదగా గోడవైపు తిరిగి అడిగారు. "అయితే ఏమంటారండీ? మళ్ళీ కొనాలంటే ఇదే కొంటారా?"

"కళ్ళు మూసుకుని కొంటానండీ" అన్నారు మా ఆయన.

"తీసేటప్పుడు కూడా మూసుకోండి" అన్నాను నేను.

మాస్టారు నవ్వి, పెద్దాయనవైపు తిరిగారు. మావయ్యగారు కంచంలో లిట్టీని విరిచి అలాగే ఉంచారు. పొద్దున్న ఆయన ఒక్కరే గ్రిల్ దగ్గర కూర్చుని, బొగ్గుల్ని ఒక్కొక్కటే ఇసుకలో పూడ్చి, జీవితంలో మొదటిసారి నిప్పు ఆర్పారు. తరవాత అత్తయ్య కాల్చిన లిట్టీలు గ్యాసు పొయ్యిమీదవి.

"వద్దండి మాస్టారూ" అన్నారు మెల్లిగా. "పిల్లలున్న కొంప. నా షిఫ్టులో ఒక్కడికి కూడా గోరంత బొబ్బ రానీలేదు నేను. ఇయ్యాల సొంత మనవల మొకాలు..." మాట అక్కడ ఆపేసి, "అమ్మీద్దారమ్మా" అన్నారు నావైపు చూసి.

నేను పొద్దున్ననుంచి నోట్లో నలుపుకుంటున్న మాట అదే. దాన్ని మా ఆయనతో ఎలా అనాలో, గొడవైతే ఏమనాలో కూడా సిద్ధం చేసుకున్నాను. నా మాటే ఆయన నోట వినేసరికి నాకది నచ్చలేదు. డాబా మీదినుంచి ఆకాశం చూసి దిగివచ్చే మనిషి మళ్ళీ కళ్ళముందు కదిలారు. "అమ్మం మావయ్యా" అని నా గొంతు నాకే వినిపించింది. "మళ్ళీ కొనాల్సి వచ్చినా కొంటాం మాస్టారూ. కాకపోతే చుట్టూ కంచె వేయిస్తాం, ఇసుక బకెట్టు పెడతాం. ఇంకో సంగతి, మావయ్య రాత్రి నిప్పు ఆర్పాలి. బ్యాంకులు బంద్." అత్తయ్య నావైపు చూసి, "ఏటమ్మా, నీకు జొరం గాని వచ్చిందా?" అని నా నుదుటిమీద చెయ్యి వేసి చూసింది. మావయ్యగారు విరిచిన లిట్టీని పప్పులో ముంచుకున్నారు.

మాస్టారు మాత్రం కొనలేదు. ఆయన కనుబొమ్మలు అందమైనవి.

ఆ రాత్రి పిల్లల్ని పడుకోబెట్టి, పొద్దున్న వాళ్ళకి చెప్పాల్సింది ఒక కాగితం మీద రాసుకున్నాను. నిప్పు, గాలి, ప్రాణవాయువు, పొగలో విషం, ఎక్కడెక్కడ నిలబడకూడదు, అన్నీ వరసగా. (అలాంటి కాగితాలు ఇప్పటికీ రాస్తుంటాను, పిల్లలు పడుకున్నాకే. ఇప్పుడు కొంచెం చిన్నవి.) ఎంత భయపెట్టాలో, ఎక్కడ ఆపాలో తేలక రెండుసార్లు కొట్టేసి రాశాను. ఆ కాగితం పట్టుకుని దీపం కింద కూర్చున్న అప్పటి నేను ఇప్పుడు నాకే ఎదురుపడితే, పక్కన కూర్చుని టీ ఇచ్చి, పడుకోవే అని చెప్పాలనిపిస్తుంది.

తెల్లారాక పాలగ్లాసుల ముందు ఇద్దర్నీ కూర్చోబెట్టాను. చిన్నాడికి ఒకటే అనుమానం. మంట రూపంలో పిల్ల ఎగిరిపోయింది, నాన్న కనుబొమ్మలు పట్టుకుపోయింది, ఇంక గుడ్డు ఖాళీ కదా, ఇప్పుడు తెరిచి చూడొచ్చా అని. నా చేతిలోని కాగితంలో డైనోసారు లేదు. దాన్ని మడిచి పెట్టేసి, "పిల్లా లేదు, గుడ్డూ కాదురా. అది నిప్పు. మూత కింద ఉన్నప్పుడు కనబడదు, తీస్తే మీదికి దూకుతుంది. తాత పక్కన లేకుండా దాని దగ్గరికి వెళ్ళకూడదు" అన్నాను. అక్కడితో ఆగుదామనుకున్నాను గానీ ఆగలేకపోయాను. "నిన్న తప్పు మీది కాదు. తాత ఒక మాట అన్నారు. నాకు తెలిసిందే అనుకుని నేను అడగలేదు. నువ్వు మాత్రం తాత ఏదంటే అది, తెలిసినట్టే ఉన్నా సరే, ఏమిటి తాతా అని అడుగు."

వాడు పాలమీసంతో తల ఎత్తి, "తాతా డాంటేంగే తో?" అన్నాడు.

"తిట్టరు నాన్నా. గంటసేపు చెప్తారు. కూర్చుని విను" అన్నాను.