పంటు మీద మూడో టికెట్టు

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. భయం ఉంది, అది వేరే సంగతి. నమ్మకం లేకుండా భయం ఎలా ఉంటుందని మా ఆవిడ సరోజ పెళ్ళయిన కొత్తలో అడిగింది. మా మేనేజరు మీద కూడా నాకు నమ్మకం లేదు, భయం మాత్రం ఉంది కదా అన్నాను. అప్పట్నుంచి ఆ విషయం మా ఇంట్లో మళ్ళీ చర్చకు రాలేదు.

నేను ఒక ప్రెస్సులో ప్రూఫ్ రీడర్‌గా పనిచేశాను. రోజంతా ప్రూఫులు చూసేవాణ్ణి కాబట్టి ప్రూఫు లేని మాట ఒప్పుకోనని అందరితో అనేవాణ్ణి. ఈ జోకుకు నవ్వినవాళ్ళు చాలా తక్కువ. ఇప్పుడు చెప్పబోయేదానికి నా దగ్గర ప్రూఫు లేదు. జరిగింది జరిగినట్టు చెప్తాను, తప్పులుంటే మీరే దిద్దుకోండి.

డెబ్భైల నాటి మాట. ఉప్పుగూడ స్టేషనుకు కాస్త ఇవతల, ఒకే వాకిలి ఉన్న రెండు వాటాల ఇంట్లో అద్దెకు ఉండేవాళ్ళం. పక్క వాటాలో మేం ఖాలా, అంటే పిన్నీ అని పిలిచే హలీమా, ఆమె కొడుకు యాకూబ్. యాకూబ్‌కు బహదూర్‌పురాలో పంక్చర్ల దుకాణం. ఖాలాకు మోకాళ్ళు పట్టేసి, గుండె కూడా బలహీనపడి, మంచం దిగడం మానేసి చాలాకాలమైంది. నోట్లో పళ్ళు ఒక్కటీ లేవు గానీ ఆమె మాటకు పదును తగ్గలేదు.

ఆమెకు ఒక్కటే కోరిక. సముద్రం చూడాలి. భర్త బతికున్న రోజుల్లో బొంబాయి నుంచి ఓడలో హజ్‌కు వెళ్ళొచ్చాడు. కూడబెట్టింది ఒక్కరికే సరిపోయింది. వచ్చే ఏడు నిన్ను తీసుకుపోతానన్నాడు. ఆ ఏడు రాకముందే ఆయన పోయాడు. ఆయన్ని మోసిన నీళ్ళలో ఒక్కసారి కాళ్ళు తడుపుకుంటే చాలని ఖాలా మాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు.

ఒక దసరా సెలవులకు మా బావమరిది తన పాత కారు ఇస్తానన్నాడు. బందరు చూసుకుని, గోదావరి దాటి, కోనసీమ మీదుగా కాకినాడ, విశాఖపట్నం, భీమిలి దాకా వీలైనంత వరకు సముద్రం పక్కనే పోదామని సరోజ అంది. ఆమెది నల్గొండ, నాది పాతబస్తీ. ఇద్దరికీ తెలిసిన పెద్ద నీళ్ళు హుస్సేన్ సాగరే. పేరులోనే సాగరం ఉంది కదా, ఇక వేరే సముద్రం దేనికి అనుకుంటూ పెరిగినవాణ్ణి నేను.

వెనక సీటు ఖాళీయే కదా, ఖాలాను కూడా తీసుకుపోదామని సరోజ పట్టుబట్టింది. డాక్టరు దగ్గరికి తనే వెళ్ళి అడిగొచ్చింది. ఆ గుండెతో చార్మినార్ దాకా కూడా వద్దన్నాడట. యాకూబ్ మా కారు చక్రాల్లో గాలి చూస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు.

"నాకు మాత్రం తీస్కపోవాలని లేదా భాభీ? తొవ్వల ఏమన్నయితే అమ్మీని నేను యాడ దేవులాడుకోవాలె?"

సరోజ మళ్ళీ అడగలేదు. సముద్రం నీళ్ళు తేవడానికి ఒక సీసా మాత్రం కడిగి ఎండలో పెట్టింది. నేను ఊరుకోకుండా, మేం చూడబోయేది బంగాళాఖాతమనీ, హజ్ ఓడ పోయే సముద్రం అటుపక్కదనీ ఖాలాకు వివరించాను. ఆమె ఓపిగ్గా విని, "పానీ తో పానీచ్ హై, బేటా" అంది. నీళ్ళు ఎక్కడైనా నీళ్ళే కదా అని. దిద్దడానికి నాకేమీ దొరకలేదు.

బయల్దేరే పొద్దున ఖాలా మమ్మల్ని మంచం దగ్గరికి పిలిచి ఇమామ్ జామిన్ కట్టింది. పాతబస్తీలో ఉన్నవాళ్ళకు తెలిసిందే. ప్రయాణమయ్యేవాళ్ళ కుడి జబ్బకు, గుడ్డలో ఒక నాణెం చుట్టి కడతారు. క్షేమంగా చేరాక విప్పి, ఆ నాణెం ఎవరైనా లేనివాళ్ళకు ఇచ్చేయాలి. చేరేదాకా విప్పకూడదు. నా జబ్బకు కట్టింది, సరోజకు కట్టింది.

అప్పుడు సరోజ ఒక పని చేసింది. మా ఇళ్ళల్లో ఒక ఆడమనిషి శుభమంటూ ఏదైనా ఇస్తే, తిరిగి ఏదో ఒకటి ఇవ్వకుండా కదలరు. చేతికి వేరే ఏదీ దొరకలేదేమో, మిగిలిన ఆకుపచ్చ గుడ్డ ముక్కలో తన కొంగున ఉన్న నాణెం చుట్టి, ఖాలా జబ్బకు కట్టేసింది.

యాకూబ్ పకపకా నవ్వాడు. ఖాలా కూడా బోసినోటితో నవ్వింది.

"అరె దివానీ, ఇది పోయేటోళ్ళకు కడ్తరు. నేను యాడికి పోతున్న?"

"ఉత్త చేతులతోని ఎట్ల తీస్కుంట ఖాలా? మా దిక్కు గట్ల తీస్కోరు."

యాకూబ్ విప్పబోయాడు. ఖాలా వద్దంటూ చెయ్యి వెనక్కి లాక్కుంది. "నక్కో. కట్టినంక చేరేదాక ఇప్పొద్దు" అంది. ఇప్పుడు అందరికంటే ఎక్కువ నేనే నవ్వాను. మంచం దిగని మనిషి ఎక్కడికి చేరుతుందని.

అసలు మా సంగతీ అంతంతమాత్రమే. బందరులో దిగగానే, చేరాం కదా, విప్పేద్దామా అని సరోజను అడిగాను. తెల్లారితే మళ్ళీ బయల్దేరుతాం కదా, ఇది చేరడం ఎట్లయితది అంది. రోజుకో ఊరు పోయేవాళ్ళు ఎక్కడికి చేరితే చేరినట్టో మాకు తేలలేదు. అలాగే కట్టుకుని తిరిగాం.

నరసాపురం దగ్గర గోదావరి దాటాలి. కార్లూ మనుషులూ అంతా పంటు అనే బల్లకట్టు మీదే. టికెట్లు కోసే మనిషి కారు చుట్టూ ఒకసారి చూసి మూడు చించాడు. ఇద్దరమే అన్నాను.

"వెనకాల మామ్మగారో? ఆవిడకి తియ్యక్కర్లేదేంటండీ?"

వెనక్కి తిరిగి చూశాను. వెనక సీటులో మా పరుపుచుట్ట నిలువుగా ఆనించి ఉంది, దాని మీద దుమ్ము పడకుండా కప్పిన తెల్ల దుప్పటి. తలకు ముసుగు వేసుకున్న ముసలావిడలాగే ఉందనిపించింది. ఇద్దరం నవ్వుకున్నాం. అప్పటికే అతను ముందు కారు దగ్గరికి పోయాడు. వాదించే ఓపిక లేక డబ్బిచ్చేశాను. పరుపుకు టికెట్టు కొన్న మొదటి మనిషిని నేనే అయ్యుంటాను.

కోనసీమ గురించి నేనేం రాయను, చూసినవాళ్ళు చాలామంది రాశారు. రోడ్డుకు రెండు పక్కలా కాలవ, కాలవకు రెండు పక్కలా కొబ్బరి చెట్లు. ఎండ కింద పడటానికి దారి వెతుక్కుంటూ ఉంటుంది. ఒకచోట కొబ్బరిబోండాల దగ్గర ఆగాం. రెండు కొట్టమన్నాను. అతను రెండు కొట్టి మాకిచ్చి, మూడోది కొట్టి, లోపలి మీగడ చెంచాతో గీకి, బోండాం పట్టుకుని కారు వెనక కిటికీ దగ్గరికి నడిచాడు. అక్కడ ఆగి లోపలికి చూశాడు. మా వైపు చూశాడు.

"పళ్ళు లేవు కదాని లేతది కొట్టానండి" అన్నాడు, తప్పు చేసినవాడిలా. "ఇంతకు ముందే నవ్వారండి ఇటు చూసి."

ఆ బోండాం కూడా నేనే తాగాను. పారేయడానికి మనసొప్పలేదు, అతనికి తిరిగివ్వడానికి నోరు రాలేదు. సరోజ కారు దిగి, పరుపుచుట్ట తీసి డిక్కీలో పెట్టింది. దుప్పటి మడతపెట్టి తన ఒళ్ళో పెట్టుకుంది. మంచి పని చేసిందనుకున్నాను. ఇక వెనక సీటు మీద సీటు తప్ప ఏమీ లేదు.

నిజంగానే ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు. యానాం దగ్గర మళ్ళీ పంటు ఎక్కాం. రెండే టికెట్లు చించారు. నేను ఈలపాట కూడా మొదలుపెట్టాను. సరోజ మాత్రం అప్పుడప్పుడు వెనక్కి తిరిగి చూసి, కిటికీ అద్దం కొంచెం కిందికి దించేది. గాలి రావాలి కదా అనేది. ఎవరికి రావాలో నేను అడగలేదు.

కాకినాడ దాటి ఉప్పాడ వైపు వెళ్తుంటే సముద్రం రోడ్డును ఒరుసుకుంటూ ఉంటుంది. మధ్యాహ్నం దాటాక ఒకచోట కారు ఆపి కిందికి దిగాం. ఆ రోజు గురువారం. సరోజకు గురువారం ఒక్కపొద్దు, పొద్దుట్నుంచి ఏమీ తినలేదు కాబట్టి వారం గురించి మాకు అనుమానం లేదు. నేను చెప్పులతోనే నీళ్ళలోకి దిగడంతో ఒక అల వచ్చి ఎడమకాలి చెప్పు పట్టుకుపోయింది. ప్రూఫుల్లో పోయిన అక్షరాన్నయినా పట్టుకోగలను గానీ అలలో పోయిన చెప్పును పట్టుకోవడం నా వల్ల కాలేదు. ఒంటికాలి చెప్పుతో తిరిగి వస్తుంటే, ఒడ్డున చేపలు ఎండబెడుతున్న ఒకామె నన్ను గట్టిగా పిలిచింది.

"ఏం బాబూ, మీ అమ్మగారు నీళ్ళల్లో అలా కూచుండిపోయారు. లేపండి, పోటు వచ్చే వేళయింది."

ఆమె చూపించిన వైపు చూశాను. పది బారల దూరంలో ఇసుక, మట్టిరంగు నీళ్ళు, తెల్లటి నురగ. అంతే. మా అమ్మ అప్పటికి పోయి ఎన్నో ఏళ్ళయింది. ఎవర్ని చూసి అన్నావని అడుగుదామనుకున్నాను. అంతలో ఆమె మళ్ళీ చేపలు తిరగేసే పనిలో పడింది, మామూలుగా.

సరోజ అటువైపు నడిచింది. ఆ చోటికి కొంచెం ఇవతలే ఆగి, చీర కుచ్చిళ్ళు తడుస్తున్నా పట్టించుకోకుండా నిలబడింది. నేను దగ్గరికి వెళ్ళి, పోదాం పదమన్నాను. తిరిగి చూడకుండానే అంది.

"జరసేపు కూసోనియ్యి ఆమెను."

నేనూ పక్కనే నిలబడ్డాను. తర్వాత సరోజ సీసా నింపుకుని వచ్చింది. కారెక్కాక, నీకేమన్నా కనిపించిందా అని అడిగాను. కనిపించలేదంది. మరి ఎందుకట్ల అన్నవ్ అంటే, "ఏమో, అనాలనిపించింది" అంది. ఇప్పటికీ ఆమె జవాబు అదే.

ఆ తర్వాత విశాఖపట్నం చూశాం, భీమిలి చూశాం. నేను సరిగ్గా ఏమీ చూడలేదు. నా మనసంతా ఉప్పుగూడ మీదే ఉంది. ఇలాంటివి చదివిన మీకు ఇప్పుడు ఏ అనుమానం వచ్చిందో నాకూ అదే వచ్చింది. సరోజతో అనలేదు. ఆమె కూడా నాతో అనలేదు. తిరుగు దారంతా మేం టైర్ల గురించి, ఎండల గురించి మాట్లాడుకున్నాం. మా గల్లీ మలుపు తిరిగేటప్పుడు షామియానా కనిపిస్తుందేమోనని కారు బాగా నెమ్మది చేశాను.

షామియానా లేదు. ఖాలా మంచం మీద దిండుకు ఆనుకుని, నమిలే పళ్ళు లేక దంచిన పాన్ చప్పరిస్తూ ఉంది. నేను వాకిట్లోనే కూలబడి మంచినీళ్ళు అడిగాను.

సరోజ ముందు చూసింది ఆమె జబ్బ. ఆకుపచ్చ గుడ్డ లేదు.

"ఏది ఖాలా, నేను కట్టింది?"

"ఉతార్ దియా. పహుంచ్ గయీ నా" అంది ఖాలా. విప్పేశాను, చేరాను కదా అని. ఊరికే వచ్చిపోయిన మాటలా అంది.

యాకూబ్‌ను పక్కకు పిలిచి, ఎప్పుడు విప్పిందని అడిగాను. గురువారం మధ్యాహ్నం అన్నాడు. అన్నం తిని నిద్రపోయిందట, ఎంత పిలిచినా లేవకపోతే భయపడి డాక్టరు కోసం బయల్దేరబోయాడట. అంతలో తనే లేచి, జబ్బకున్నది విప్పి, నాణెం వాకిట్లో ఉన్న ఫకీరుకు ఇచ్చెయ్యమందట. "నిద్రల ఏందేందో నవ్వుకున్నది భయ్యా. నేనైతే మస్తు పరేషాన్ అయిన" అన్నాడు. గురువారం ఫకీర్లు ప్రతి వారం వస్తారు. అందులో వింతేమీ లేదు. ఇది కూడా రాయడం న్యాయం.

సరోజ సీసా మూత తీసి ఖాలా అరచేతిలో కాసిని నీళ్ళు పోసింది. ఆమె వాసన చూసి, కళ్ళకు అద్దుకుని, నా వైపు తిరిగి అడిగింది.

"చప్పల్ మిలీ, బేటా?"

చెప్పు దొరికిందా అని.

విశాఖపట్నంలో కొన్న కొత్త చెప్పులు అప్పుడు వాకిట్లో ఉన్నాయి. ఆమె వాటిని చూసి ఊహించి ఉండవచ్చని తర్వాత ఆ మంచం మీద కూర్చుని మరీ చూశాను. చెప్పులు విడిచే చోటు అక్కణ్ణుంచి కనిపించదు. సరోజ చెప్పలేదని ఒట్టు వేసింది. నేను సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు.

ఖాలా ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. సముద్రం చూడాలని మళ్ళీ ఒక్కసారి కూడా అనలేదు. ఎవరైనా సముద్రం నీలంగా ఉంటుందంటే మాత్రం ఒప్పుకునేది కాదు. దగ్గరికి పోయి చూడండి, మట్టిరంగే అనేది.

ఆ ప్రయాణం గురించి ఎవరైనా అడిగితే నేను ఇద్దరం వెళ్ళామని చెప్తాను. నా మాట పూర్తవకుండానే సరోజ ముగ్గురం అంటుంది. ఆమె మాట దిద్దాలనే అనిపిస్తుంది, అది నా వృత్తి. కానీ టికెట్లు మూడు కొన్నది నేనే.

ప్రెస్సులో మాకు ఒక పద్ధతి ఉండేది. ఏదైనా మాట తప్పో ఒప్పో తేలకపోతే కొట్టేయకూడదు. పక్కన మార్జిన్‌లో చిన్న ప్రశ్నార్థకం పెట్టి, రాసినవాడికి పంపాలి. ఆ గురువారం పక్కన నేను పెట్టిన ప్రశ్నార్థకం ఇప్పటికీ అలాగే ఉంది. రాసినవాడి దగ్గర్నుంచి ఇంకా జవాబు రాలేదు.