మాత్ర మీద కల్లు

“బాలింతకు నీళ్లు తాపితే సన్నిపాతమొస్తదని మా అవ్వ చెప్పింది, మా అవ్వకు ఆమె అవ్వ చెప్పింది. నువ్వు నిన్న పుట్టి నాకు చెప్తానవా?”

“పెద్దమ్మా, మాత్రలిచ్చింది నేను. నీళ్లు పొయ్యమన్న. కల్లు పొయ్యమని ఎవలన్నరు?”

“మాత్ర మీద ముంతెడు తాగాలె అన్నవా, లేదా? ముంతెడు తాగిపిచ్చిన. ఏం తక్కువైంది?”

“తాగాల్సింది నీళ్లు!”

“కల్లు మాత్రం ఏంది? చెట్టుల నీళ్లే గద!”

పులిసిన కల్లు వాసన ముక్కుకు తగిలితే చాలు, మా అత్త ఎల్లవ్వకూ దవాఖాన నర్సమ్మకూ నా మంచం పక్కన జరిగిన ఈ కొట్లాట నా చెవుల్లో మొదలవుతుంది. మొన్నా అదే అయింది. పంటి వాపుకు మాత్రలు తెచ్చుకున్న మా చిన్నోడు ఒక చేతిలో ఆ మాత్రలు, ఇంకో చేతిలో కల్లు సీసా పట్టుకొని వచ్చి, “అమ్మా, ఇవి ఏసుకుంట జర తాగొచ్చునా?” అని అడిగాడు. డాక్టరు ఎదురుగా కూర్చున్నప్పుడు అడగవలసిన మాట అది. అక్కడ నోరు పెగలదు. ఇంటికొచ్చి, రెండో తరగతితో బడి మానిన నన్ను అడుగుతారు. అడిగి, చెప్పింది వినరు. ఆ ప్రశ్నకు జవాబు నేను పుస్తకంలో చదవలేదు. మా మట్టెవాడలో, పురిటి మంచంలో, నా ఒంటి మీదే నేర్చుకున్నాను. నేర్పింది మా అత్త. అది కూడా తప్పు చేసి నేర్పింది.

అవి రెండో ప్రపంచ యుద్ధం రోజులు. కిరసనాయిలు దొరకడమే గగనం. మా ఇంటాయన స్టేషనులో బస్తాలు మోసేవాడు. ఇల్లు నడిపేది అత్త. ఆమె అగ్గిపుల్ల గీయడం నేను చూడలేదు. పక్కింటి పొయ్యిలోంచి పిడక మీద నిప్పు తెచ్చేది. బియ్యం కడిగిన నీళ్లు బర్రెకు, బర్రె వద్దంటే బీరపాదుకు. పొద్దుగూకితే ఒక ముంత కల్లు తాగేది, రెండో ముంత ముట్టేది కాదు. ఆమె లెక్కలో కల్లు తాగుడు కాదు, తిండి. బాలింతకు మరీను. ఒళ్లు గట్టిపడుతుంది, పాలు పడతాయి, నొప్పి తెలియదు. నా కాన్పు కాకముందే కల్లు గీసే గౌండ్ల మల్లయ్యకు చెప్పి పెట్టింది, పురుడు వెళ్లేదాకా రోజూ ఒక చిన్న కుండ తెచ్చి ఇవ్వాలని.

ఆడపిల్ల పుట్టింది. నాలుగు రోజులు బాగానే ఉన్నాను. ఆ తర్వాత చలి, జ్వరం, పొత్తికడుపులో పోట్లు. కాయం మందు పెట్టారు, ధూపం వేశారు, దిష్టి తీశారు. పాలు ఆగిపోయాయి. పిల్లకు మేకపాలలో గుడ్డ వత్తి ముంచి నోట్లో పెడితే ఒక చుక్క మింగి రెండు చుక్కలు కక్కేది. మా వాడలో ఆ జ్వరం వచ్చిన బాలింతలు ఏమయ్యారో అందరికీ తెలుసు. అందుకే ఆ విషయం ఎవరూ ఎత్తలేదు. మా ఇంటాయన తల్లికి చెప్పకుండా చేసిన మొదటి పని, నర్సమ్మను వెంటబెట్టుకొని రావడం.

నర్సమ్మ చూసి, దవాఖానకు తీసుకుపోదామన్నది. అత్త గడపకు అడ్డం కూర్చుంది. “పచ్చి బాలింత, గాలి సోకుతది. పంపేది లేదు.” వాదించి వాదించి నర్సమ్మ ఓడిపోయి సల్ఫా మాత్రలు చేతిలో పెట్టింది. ఇప్పుడు యాంటీబయాటిక్ అంటున్నారే, ఆ రోజుల్లో మా పాలికి అవే. “మాత్ర ఏసినప్పుడల్లా ముంతెడు నీళ్లు పట్టియ్యాలె, పెద్దమ్మా. లేకుంటే మూత్రం బిగుసుకుపోతది,” అని చెప్పి పోయింది.

అత్త చాలాసేపు ఆలోచించింది. మాత్రకు ముంతెడు తాగించాలి. బాలింతకు నీళ్లు తాగించకూడదు. ఇంట్లో కుండెడు కల్లు ఉంది, మధ్యాహ్నానికి పులిసిపోతుంది. ఇన్ని చిక్కుముడులనూ ఆమె ఒక్క ఉపాయంతో విప్పింది. మాత్ర మింగించి, ముంత నా నోటికి పెట్టింది. గొంతు ఎండిపోయి ఉన్నాను, గటగటా తాగేశాను. కాసేపటికే పేగులు బయటికొచ్చేటట్లు కక్కాను. సరిగ్గా అప్పుడే నన్ను చూసిపోదామని మళ్లీ వచ్చింది నర్సమ్మ. ఆ తర్వాతిదే మొదట చెప్పిన కొట్లాట.

మధ్యలో నేను, “ఎవలన్న ఏదన్న పొయ్యుండ్రి, నాలుక పిడచకట్టుకపోతాంది,” అన్నాను. ఇద్దరిలో ఒక్కరూ వినలేదు. చచ్చేది నేను, పంచాయితీ వాళ్లది!

చివరికి నర్సమ్మ నేల మీద చూపించింది. కక్కిన కల్లులో తెల్లగా మాత్ర, సగం కూడా కరగలేదు. “కల్లు తాగితే సస్తదని నేను అంటలేను, పెద్దమ్మా. కడుపుల తిప్పుతది. మాత్ర నిలువది. ఒంట్ల ఉన్న నీరు కూడ పోతది. జొరమున్న మనిషికి ఇంక ఏం మిగులుతది?”

“నా కొడుకు రోజు తాగుతడు. ఏమైంది ఆనికి?”

“నీ కొడుకు పురిట్లున్నడా?”

అత్త ఆ మాత్రనే చూస్తూ కూర్చుంది. అవ్వలు చెప్పిన మాటలన్నీ ఒకవైపు, నేల మీద పడ్డ ఆ మాత్ర ఒకవైపు.

సాయంత్రం మల్లయ్య కుండతో వచ్చాడు. అత్త వాకిట్లోనే ఆపింది. “రేపటిసంది తేకు.”

“అదేందే ఎల్లవ్వా? బాలింతకు చుక్క పొయ్యకుంటే లోకమేమంటది?”

“లోకమొచ్చి కక్కింది ఎత్తిపోస్తదారా? నేను ఎత్తిపోసిన.”

లోపలికి వచ్చి, కాచి చల్లార్చిన నీళ్లు ముంతలో పోసి, మాత్రతో సహా నా దగ్గర కూర్చుంది. నీళ్లతో నన్ను చంపుతున్నాననే ఆమె భయం. అయినా ముంత నా నోటి దాకా వచ్చింది. “తాగు. నీకేమన్న అయితే ఆ నర్సు ఇంటి ముందట పోయి కూసుంట, లేవ.” తాగాను. మళ్లీ పోసింది. ఆ పూట ఆమె తన ముంత కల్లు కూడా ముట్టలేదు. అడిగితే, “వాసనకు నువ్వు మళ్ల కక్కుతవ్,” అన్నది, అంతే.

తాను తప్పు చేశానని అత్త చచ్చేదాకా ఒప్పుకోలేదు. బాలింతకు నీళ్లు మంచివి కావనే అనేది. కానీ వాడలో ఏ బాలింతకు దవాఖాన మాత్రలు ఇచ్చినా, ముంతెడు కాచిన నీళ్లు పట్టుకొని పోయి, ఆ పిల్ల మింగేదాకా కదిలేది కాదు. నోరు ఒకటి చెప్తుంటే చేయి ఇంకొకటి చేసేది. చేయిదే నిజం. ఆమె నుంచి నాకు దక్కింది ఆ మొండితనమే. నన్ను అడిగిన వాళ్లను కల్లు విషమని బెదిరించను, ఇప్పటికీ ఒకటే చెప్తాను: కొన్ని మందుల మీద తాగితే గుండె దడ పుడుతుందట, కొన్నిటికి అంత ఉండదట, నీ మందు సంగతి ఇచ్చిన డాక్టరును అడుగు. అడిగేదాకా ముట్టకు. మాత్రలు అయిపోయి ఒళ్లు కుదుటపడేదాకా ఆగితే నీ సొమ్మేం పోదు. విన్నవాళ్లు విన్నారు. విననివాళ్లు కక్కింది మాత్రం నేను ఎత్తిపొయ్యను.

అత్త నీళ్లు తాగించిన మర్నాడు తెల్లారేసరికి నా చీర చెమటతో తడిసింది. జ్వరం పూర్తిగా పోలేదు గానీ దిగింది. రొమ్ములు పాలు పడి సలుపుతున్నాయి. అత్త వచ్చి నా నుదురు మీద చేయి పెట్టి చూసింది. “ఇంకెంతసేపు పంటవే? పిల్ల ఏడుస్తాంది,” అని కసిరి, బిడ్డను నా పక్కలో వేసింది. కాసేపు వెతుక్కొని, బిడ్డ పాలు తాగింది.