పార్సిళ్లు చేరే ఇల్లు

నాకు ఉబ్బసం ఉంది. అనకాపల్లిలో సొంతిల్లు లేదు. ఈ రెండూ కలిసినవాళ్ల మీద ఆమధ్య ఒక పరిశోధన జరిగింది. తరచూ ఇళ్లు మారేవాళ్లకి ఏ రోగాలు వస్తాయో కనిపెట్టడం దాని పని. ఎవరింటికీ వెళ్లకుండా కనిపెట్టడం దాని గొప్ప. ఆసుపత్రిలో సంతకం పెట్టమంటే పెట్టాను. ఆన్‌లైన్‌లో నేను కొన్న చీరలూ, కుక్కర్ గాస్కెట్లూ ఏ చిరునామాకి వచ్చాయో చూసి, నేనెక్కడెక్కడ కాపురం చేశానో వాళ్లే తేల్చుకుంటారట.

తేల్చుకున్నారు. కొన్నాళ్లకి వాళ్లలో ఒకతను, మా సందు దొరక్క ఫోన్ల మీద ఫోన్లు చేసి, లాప్‌టాప్‌తో ఇంటికొచ్చాడు.

"మీరు ఔట్‌లయర్ మేడమ్," అన్నాడు, బిరుదిస్తున్నట్టు. "మా లెక్కకి అందట్లేదు. ఏళ్ల తరబడి ఇల్లు మారలేదు. మెయిన్ రోడ్డు మీద మంచి ప్లేసు. అయినా మాటిమాటికీ ఆసుపత్రికి వస్తున్నారు."

నాకు విషయం అర్థమైంది. మా సందులోకి డెలివరీవాళ్లు రారు. అందుకని పార్సిళ్లన్నీ మెయిన్ రోడ్డులో మా మరిది నడిపే సెల్ షాపుకి తెప్పించుకుంటాను. ఆ మాటే చెప్పాను.

మా అత్తగారు కాఫీ గ్లాసు అతని చేతికిస్తూ అడిగింది. "అయితే ఏటి బాబూ, ఇన్నేళ్లూ మేం సెల్లు షాపులో తొంగుంటన్నామా?"

అతను గ్లాసు పక్కన పెట్టి లాప్‌టాప్ తెరిచాడు. నేను మా అసలు ఇళ్ల గురించి చెప్పాను. మొదటిది బెల్లం వండే పాకల పక్కన. చెరకు పిప్పి పొగ తిన్నగా మా వంటింట్లోకే వచ్చేది. తర్వాతది రైస్ మిల్లు వెనక. ఆరేసిన బట్టలు దులిపితే ఊక రాలేది. ఇప్పటిది కింది వాటా, గోడలన్నీ చెమ్మ. ఊపిరాడక ఒక్కోటీ వదులుకుంటూ వచ్చాం. అంతా శ్రద్ధగా విని, "ఇవి సిస్టమ్‌లో లేవు మేడమ్," అన్నాడు. నేనేదో బొంకినట్టు నాకే సిగ్గేసింది.

"పోనీ రాసుకో బాబూ. ఇప్పుడు కళ్లతో సూసేవు కదా," అంది అత్తగారు.

"చూసింది రాయకూడదండీ. డేటాలో ఉన్నదే రాయాలి."

వెళ్తూ వెళ్తూ గాలిలో దుమ్ము కొలిచే మిషన్ ఒకటి నా నివాసంలో, అంటే మరిది షాపులో, పెట్టి పోయాడు. అద్దాల తలుపు, ఏసీ. మీ ఇంటి గాలి ఆరోగ్యకరంగా ఉందని తర్వాత కాగితం వచ్చింది. మరిది దాన్ని లామినేషన్ చేయించి కౌంటర్ వెనక తగిలించాడు. "నీ దగ్గు మా షాపుకి కలిసొచ్చింది వదినా," అన్నాడు. తిట్టాలనిపించింది గానీ, దగ్గు అడ్డొచ్చింది.

చెమ్మ భరించలేక ఆ నెలలోనే మళ్లీ ఇల్లు మారాం. సామాను దింపుతుంటే లేచిన దుమ్ముకి నాకు ఆయాసం పట్టుకుంది. ఇన్‌హేలర్ ఏ సంచిలో పెట్టానో గుర్తురాలేదు. అత్తగారు మూటలన్నీ విప్పి వెతుకుతోంది. నేను మెట్ల మీద కూర్చుని పిల్లికూతలు కూస్తున్నాను.

కొత్త ఓనరు వచ్చి నన్ను చూసి, "ఇలాంటి జబ్బుందని అద్దెకి దిగేముందే సెప్పాలి కదమ్మా," అన్నాడు.